విజయ్ సూపర్‌కి ముందు చల్లదనం, తర్వాతే సోకులు

విజయ్ సూపర్ స్కూటరు ఇటలీ బండి అంటే మా కల్వకుర్తిలో చాలామంది నమ్మరు. లక్నోలో తయారైంది కదా, ఇటలీ బండి ఎట్లా అవుతుంది అంటారు. కానీ అది పక్కా ఇటలీదే. మిలాన్‌లో లాంబ్రాటే అనే పేట ఉంది, అక్కడ ఇన్నోసెంటి కంపెనీ 1947 నుంచి లాంబ్రెట్టా స్కూటర్లు చేసింది, 1971లో ఆపేసింది. మరుసటి ఏడాదే మన కేంద్ర ప్రభుత్వం స్కూటర్స్ ఇండియా లిమిటెడ్ అని పెట్టి ఆ ఫ్యాక్టరీ యంత్రాలు, డ్రాయింగులు, పేరు మీది హక్కులు అన్నీ కొని లక్నోకి తెప్పించింది. 1975 నుంచి ఇక్కడ అమ్మినవాటికి విజయ్ సూపర్ అని పేరు, బయటి దేశాలకు పంపినవాటికి లాంబ్రెట్టా అనే పేరు. హైదరాబాద్‌లో వచ్చిన ఆల్విన్ పుష్పక్ కూడా ఈ కుటుంబమే. బెర్టోనె స్టూడియో గీసిన 1969 నాటి జీపీ మోడల్ దీనికి మూలం. బోరు (సిలిండరు లోపలి వెడల్పు) 57, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 58 మిల్లీమీటర్లు, మొత్తం 148 సీసీ, మిలాన్‌లో ఏ కొలతలో అవే కొలతలు.

ఈ చరిత్ర ఎందుకు చెప్తున్నానంటే, ఇది ఏ ఊరి వాతావరణానికి పుట్టిన ఇంజనో గుర్తు పెట్టుకుంటేనే దీన్ని పాలమూరు ఎండలో ఎట్లా నడపాలో అర్థమవుతుంది. నా దగ్గరున్నది మా పెద్దనాయన బండి. ఆయన వనపర్తి వైపు స్కూళ్లలో సారుగా చేసిన కాలమంతా దీని మీదే తిరిగారు, ఆయన పోయాక చాలా ఏళ్లు కొట్టంలో జొన్న చొప్ప కట్టల వెనక ఉండిపోయింది. పెద్దమ్మని అడిగితే "తీస్కపో బిడ్డా, పాత ఇనుపోనికి ఏస్తె నాకు మనసొప్పలె" అంది. అప్పటినుంచి ఇంటి ముందు రేకుల షెడ్డులో నేనే విప్పి, నేనే బిగిస్తున్నా. ఉద్యోగం వేరే, ఇది ఆదివారాల పని, కానీ ఆదివారం కోసం వారమంతా చూసే పని.

ఈ బండి తెచ్చుకున్న కుర్రాళ్లు చాలామంది మొదట చేసేది పెయింటు, క్రోము, లావు సైలెన్సరు, లేకపోతే సైడు ప్యానెళ్లు పీకేసి ఇంజను బయటికి కనబడేలా తిప్పడం. చూడటానికి బాగుంటుంది, ఒప్పుకుంటా. కానీ మోడిఫికేషన్ అంటే నా దృష్టిలో ఒకటే: మన ఎండకి, మన దుమ్ముకి, ఇప్పుడు బంకుల్లో పోస్తున్న పెట్రోలుకి బండిని సర్దడం. అది అయ్యాక ఏ రంగు వేసుకుంటారో మీ ఇష్టం.

ముందు చల్లదనం సంగతి. బుల్లెట్ లాంటి బండికి ఎదురుగాలే ఇంజనుని చల్లబరుస్తుంది. లాంబ్రెట్టాలో ఇంజను ప్యానెళ్ల లోపల దాక్కుని ఉంటుంది, సిలిండరు అడ్డంగా పడుకుని ముందుకి చూస్తుంటుంది, ఎదురుగాలి దానికి అందదు. అందుకని కుడివైపు మాగ్నెట్ ఫ్లైవీల్‌కే ఫ్యాన్ రెక్కలు పోతపోసి ఉంటాయి. ఆ ఫ్యాన్ లాక్కున్న గాలిని సిలిండరు మీదికి, హెడ్డు మీదికి తోలడానికి చుట్టూ కౌలింగ్ రేకులు ఉంటాయి. ఆ రేకులు లేకపోతే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం నాలుగు దిక్కులా పోతుంది.

నా బండికి హెడ్డు మీది రేకు లేదు. పెద్దనాయన కాలంలోనే ఎవరో మెకానిక్ ప్లగ్గు విప్పడానికి అడ్డం వస్తుందని తీసేసి మళ్లీ పెట్టలేదట. ఆ తర్వాతే ఆయనకి ఎండాకాలంలో ఇంజను పట్టేయడం మొదలైందని పెద్దమ్మ చెప్పిన వరసను బట్టి తెలిసింది. పిస్టన్ వేడెక్కి ఉబ్బి సిలిండరులో బిగుసుకుంటే దారి మధ్యలో వెనక చక్రం తిరగడం ఆగిపోతుంది, అప్పుడు క్లచ్చు నొక్కే టైము దొరికితే అదృష్టం. మహబూబ్‌నగర్‌లో స్టేషన్ రోడ్డు వైపు ఒక పాత మెకానిక్ ఉన్నారు, అందరూ చాచా అనే పిలుస్తారు. ఆయనకి చూపిస్తే రేకు లేని చోట చెయ్యి పెట్టి, "బేటా, గీడ రేకు లేకుంటె పంకా తిరిగి ఏం ఫాయిదా? గాలంత జాయా అయితుంది" అన్నారు. ఆయన దగ్గర అటక మీద పాత పార్టుల గోనెసంచిలో వెతికితే నొక్కులు పడ్డ రేకు ఒకటి దొరికింది. డబ్బులు తీసుకోలేదు.

రేకు బిగించే ముందు చేయాల్సిన పని ఇంకోటి ఉంది, అందరూ దాటేసేది అదే. సిలిండరు, హెడ్డు మీద ఉండే సన్నటి ఫిన్నుల (వేడిని బయటికి పంపే పలకల) మధ్య ఏళ్ల తరబడి కారిన ఆయిలు, దానికి అంటిన ఎర్రమట్టి కలిసి కాలి గట్టి నల్లటి పెచ్చు కడుతుంది. బయటికి ఇంజను మామూలుగానే కనబడుతుంది. నేను హెడ్డు విప్పి కిరసనాయిలు దొరక్క డీజిల్లో రాత్రంతా నానబెట్టి, విరిగిన హాక్‌సా బ్లేడు ముక్కకి గుడ్డ చుట్టి ఒక్కో సందులో గీకుతూ పోయా. పెచ్చు ముక్కలు ముక్కలుగా ఊడుతుంటే దాని కింద తెల్లటి అల్యూమినియం బయటపడుతుంది, సందు లోతు ఎంతో అప్పుడు తెలుస్తుంది. కొన్ని చోట్ల సగం లోతు పూడిపోయి ఉంది. అంటే వేడి బయటికి పోవాల్సిన చోటే సగం మూసుకుపోయి ఉందన్నమాట. అల్యూమినియం మెత్తన, ఇనుప పానాతోనో ఉలితోనో పొడిస్తే ఫిన్ను విరుగుతుంది, ఓపికగా చేయాలి. ఫ్లైవీల్ ఫ్యాన్ రెక్కల వెనక కూడా ఇట్లాగే మట్టి పేరుకుంటుంది. ఒక్క రెక్క విరిగి ఉన్నా ఆ ఫ్లైవీల్ వాడకండి, బ్యాలెన్స్ పోతుంది, ఆ వణుకు బేరింగులకి ఎక్కుతుంది.

ఇక సిలిండరు. గీతలు పడ్డ బోరుని లేత్‌లో రీబోరు చేయించి (కాస్త పెద్దగా తొలిపించి) ఓవర్‌సైజు పిస్టన్ వేయించాలి. లేత్ అబ్బాయి "అన్నా, టైటుగా పెడతా, సౌండు రాదు" అంటాడు. వద్దనండి. ఇది ఇనుప సిలిండరు, అల్యూమినియం పిస్టన్, వేడికి పిస్టన్ తొందరగా ఉబ్బుతుంది, అందుకే మిల్లీమీటరులో పదో వంతు దరిదాపుల్లో సందు ఉండాలి. పిస్టన్ డబ్బా మీద కంపెనీవాళ్లు కొలత రాసి ఉంటే అదే పట్టుకుని కూర్చోండి. రీబోరు అయిన సిలిండరు ఇంటికి తెచ్చాక లోపల వేలు పెట్టి పోర్టుల (సిలిండరు గోడకుండే దారుల) అంచులు తడిమి చూడండి, బ్లేడులా పదునుగా తగులుతాయి. ఆ పదునుని సన్నటి ఆకురాయితో, తర్వాత నీటి ఎమరీతో కొంచెం చెక్కి గుండ్రం చేయాలి, లేకపోతే రింగు ప్రతిసారీ ఆ అంచుకి తగులుతూ చివరికి విరుగుతుంది. తర్వాత వేడినీళ్లు, బట్టల సబ్బు పెట్టి బోరుని రుద్ది రుద్ది కడగాలి. తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే ఉండాలి, అప్పటిదాకా కడుగుతూనే ఉండాలి. పెట్రోలుతో కడిగితే చాలదు, గీతల్లో ఇరుక్కున్న రాయి పొడి సబ్బుకే వస్తుంది. ఆరిన వెంటనే ఆయిలు పూయండి, ఇనుము మీద తుప్పు గంటలో లేస్తుంది.

బోరు, పిస్టన్ కొత్తవి వేసినా ఇంజను మళ్లీ పట్టేసిందంటే నూటికి ఎనభై సార్లు తప్పు పిస్టన్‌ది కాదు, గాలి లీకుది. టూ స్ట్రోక్ ఇంజనులో పెట్రోలు, గాలి, ఆయిలు కలిసి ముందు పిస్టన్ కింద ఉండే క్రాంక్‌కేసులోకి వెళ్లి అక్కణ్ణుంచి పైకి వస్తాయి. క్రాంక్ రెండు పక్కలా ఉండే ఆయిల్ సీళ్లు ముసలివై గట్టిపడితే, లేదా కార్బొరేటర్‌ని సిలిండరుకి కలిపే గొట్టం, అంటే మానిఫోల్డ్ కింద ప్యాకింగ్ కాలిపోతే, అక్కడినుంచి అదనపు గాలి దూరుతుంది. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అయితే మంట వేడి పెరుగుతుంది, పైగా పెట్రోలుతోనే ఆయిలు రావాలి కాబట్టి ఆయిలు కూడా తగ్గుతుంది. గుర్తు పట్టడం ఎట్లాగంటే, యాక్సిలరేటర్ వదిలినా ఇంజను రయ్యిమని కాసేపు అట్లాగే ఉండి నెమ్మదిగా దిగుతుంది. ఒక రోజు ఐడిల్ బాగుంటుంది, ఇంకో రోజు నిలవదు. ప్లగ్గు విప్పితే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది.

దీన్ని ఇంట్లోనే పరీక్ష చేయవచ్చు, దానికి బీపీ చూసే మిషను చాలు. చేతికి చుట్టే పట్టీ తీసేసి, గుండ్రటి గడియారం లాంటి మీటరు, పిసికే రబ్బరు బుడ్డి, ట్యూబు ఉంచుకోవాలి. సైలెన్సర్ విప్పి ఎగ్జాస్టు దారికి సైకిలు ట్యూబు ముక్క, దాని మీద రేకు పెట్టి బోల్టులతో బిగించాలి. కార్బొరేటర్ తీసి ఆ గొట్టంలో రబ్బరు బిరడా దిగ్గొట్టి, బిరడాకి రంధ్రం చేసి బీపీ ట్యూబు దూర్చాలి. పిస్టన్‌ని పైకి తెచ్చి పెడితే ఇన్‌లెట్ దారి క్రాంక్‌కేసులోకి తెరుచుకుని ఉంటుంది. ఇప్పుడు బుడ్డి పిసుకుతూ ముల్లుని 300 దాకా తీసుకెళ్లండి, అది దాదాపు 6 పీఎస్ఐ, సీళ్లకి అంతకంటే ఎక్కువ పెట్టకూడదు కూడా. ముల్లు నిలబడిందా, ఇంజను బాగుంది. కళ్లముందే జారుతుందా, సబ్బు నీళ్ల బ్రష్షు పట్టుకుని మానిఫోల్డు చుట్టూ, సిలిండరు అడుగున, ఫ్లైవీల్ తీసేసి సీలు చుట్టూ రాయండి. నా బండికి మానిఫోల్డు అడుగు మూల నుంచి ఆవగింజలంత బుడగలు వరసగా వచ్చాయి. మానిఫోల్డు అడుగుని అద్దం ముక్క మీద ఎమరీ పేపరు పరిచి రుద్దితే మధ్యలో రుద్దుడు గీతలు పడి, రెండు చెవుల దగ్గర పడలేదు. ఎవరో నట్లు మరీ బిగించి చెవులు వంచేశారు. మొత్తం ఒకే మెరుపు వచ్చేదాకా రుద్ది కొత్త ప్యాకింగ్ వేస్తే ముల్లు కదలకుండా నిలబడింది. ఆ ముల్లుని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు, అంత సంతోషం.

సీళ్లు ఎట్లాగూ మార్చాలి కాబట్టి మామూలు నల్ల రబ్బరువి కాకుండా వైటాన్ రబ్బరువి అడగండి, ధర ఎక్కువే అయినా వేడికి, ఇప్పటి పెట్రోలుకి అవే నిలుస్తాయి. ఇప్పటి పెట్రోలు అంటే 20 శాతం ఇథనాల్ కలిపింది. దీని వల్ల పాత స్కూటరుకి మూడు చిక్కులు. ఇథనాల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, బండి వాడకుండా వదిలేస్తే ట్యాంకు అడుగున తుప్పు పడుతుంది. పాత రబ్బరు పైపుని, పెట్రోలు కాక్ లోపలి రబ్బరుని ఉబ్బించి పాడు చేస్తుంది. మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యమైనది, ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్టు (కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం ఉన్న ముక్క) మీద మిశ్రమం పలచబడుతుంది, అంటే మళ్లీ ఇంజను వేడి. కొత్త బండ్లలో కంప్యూటరు చూసుకుంటుంది, మన బండిలో మెయిన్ జెట్టు మనమే మార్చాలి. జెట్టు మీద ఉండే అంకె దాని రంధ్రం సైజు చెప్తుంది, అంకె పెరిగేకొద్దీ పెట్రోలు ఎక్కువ. నేను ఉన్నదానికంటే ఒకటి రెండు సైజులు పెద్దవి తెచ్చి, తెల్లవారకముందే ట్రాఫిక్ లేని రోడ్డు మీద ఫుల్ యాక్సిలరేటర్‌లో కాస్త దూరం తీసి, క్లచ్చు పట్టి వెంటనే ఇంజను ఆపి, పక్కకి తీసి ప్లగ్గు విప్పి చూస్తా. లేత గోధుమ రంగు వచ్చే జెట్టు సరైనది. తెల్లగా ఉంటే ఇంకా పెంచాలి, తడిగా నల్లగా ఉంటే తగ్గించాలి. మైలేజీ కొంచెం పడిపోతుంది. పడనీయండి.

పెట్రోలులో కలిపే 2టీ ఆయిలు లెక్క పాత పుస్తకాల్లో లీటరుకి 40 మిల్లీలీటర్లు. ఇప్పటి ఆయిళ్లు మెరుగైనవి, డబ్బా మీద జాసో ఎఫ్‌డీ అనే గ్రేడు ఉన్నది తీసుకుంటే 30 మిల్లీలీటర్లు నాకు సరిపోతోంది, ఎండాకాలం మాత్రం 40కి పోతా. ఇదివరకు బంకుల్లో 2టీ కలిపి పోసే పంపులు ఉండేవి, ఇప్పుడు డిక్కీలో ఆయిలు డబ్బా, కొలత గ్లాసు మనమే పెట్టుకోవాలి. పెట్రోలు పోయించే ముందే ఆయిలు పోయండి, తర్వాత పోస్తే సరిగ్గా కలవదు.

శ్రీశైలం దారి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మాకు అది ఇంటి ముందు రోడ్డే: డిండి, మన్ననూరు, వటవర్లపల్లి, దోమలపెంట. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మన్ననూరు దగ్గర గేటు వేస్తారు, అమ్రాబాద్ టైగర్ రిజర్వు కాబట్టి, అందుకని పొద్దున చల్లటి పూట అడవిలోకి దిగడం బాగుంటుంది. ఎక్కుడు కంటే దిగుడే ఈ ఇంజనుకి ప్రమాదం అని చాలామందికి తెలియదు. దోమలపెంట దాటాక పాతాళగంగ వంతెన వైపు మలుపులు తిరుగుతూ దిగేటప్పుడు, గేరులో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా మూసేస్తే చక్రం ఇంజనుని గిరగిరా తిప్పుతుంటుంది, పెట్రోలు మాత్రం దాదాపు రాదు. పెట్రోలు రాకపోతే ఆయిలు రాదు. ఇంజను పొడిగా పరిగెడుతుంది. కాబట్టి దిగుతున్నప్పుడు మధ్యమధ్యలో క్లచ్చు పట్టి ఒక్కసారి యాక్సిలరేటర్ తిప్పి వదలాలి, లోపలికి ఆయిలు వెళ్తుంది. కింద వంతెన దగ్గర ఆగి చెట్టు నీడలో పెట్టండి, ఇంజను మీద నీళ్లు మాత్రం పోయొద్దు, వేడి ఇనుము పగులుతుంది.

ఇప్పటిదాకా చెప్పింది రిపేరు. మార్పులంటూ నేను చేసినవి తక్కువే. అన్నిటికంటే పనికొచ్చింది 12 వోల్టుల ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్. పాతది 6 వోల్టులది, పాయింట్లు, కండెన్సరు. వాన పడితే స్టార్టు కాదు, రాత్రి లైటు వెలుతురులో గుంత కనబడేలోపు గుంతలో ఉంటాం. లాంబ్రెట్టాలు ఇంగ్లండులో, ఇటలీలో ఇప్పటికీ పెద్ద సంఖ్యలో నడుస్తున్నాయి కాబట్టి వాటికోసం మన దేశంలోనే చిన్న చిన్న వర్క్‌షాపులు పార్టులు చేసి పంపుతుంటాయి, అవే మనకీ దొరుకుతాయి. స్టేటర్ ప్లేటు (కరెంటు పుట్టించే కాయిల్స్ ఉండేది), ఫ్లైవీల్, సీడీఐ (స్పార్కు ఇచ్చే ఎలక్ట్రానిక్ డబ్బా), రెగ్యులేటర్ అన్నీ సెట్టుగా వస్తాయి. కొనే ముందు ఒక్కటి చూసుకోండి. క్రాంక్ కొసన ఫ్లైవీల్ కూర్చునే చోట ఉండే వాలు, అంటే కోను, జీపీ రకం క్రాంకులకి లావుగా ఉంటుంది, అంతకు ముందు లీ రకానికి సన్నం. నాకు ఒక షాపు వాళ్లు "ఏదైనా పడుతుంది సార్" అని చెప్పి సన్న కోనుది పంపారు, అది క్రాంక్ మీద సగమే ఎక్కింది. క్రాంక్ కొలత రాసి ఫొటోతో పాటు పంపి మార్పించుకున్నా. ఫ్లైవీల్ విప్పడానికి సుత్తితో కొట్టకూడదు, దాని మరలకే సరిపోయే పుల్లర్ ఉంటుంది, రాణీగంజ్‌లో దొరుకుతుంది, అదొకటి ఇంట్లో ఉండాల్సిందే.

టైమింగ్ కూడా చల్లదనం లెక్కలోకే వస్తుంది. పిస్టన్ పైకి చేరడానికి 20 డిగ్రీలకి కాస్త అటూ ఇటూ ముందు స్పార్కు పడాలి. ఎక్కువ ముందుకు పెడితే పికప్ హుషారుగా ఉంటుంది, కానీ హెడ్డు వేడి పెరుగుతుంది. నేను ఒక డిగ్రీ వెనకే పెట్టుకున్నా. క్రాంక్ మీద డిగ్రీల చక్రం పెట్టి గుర్తు గీసి, స్ట్రోబ్ లైటుతో చూసి స్టేటర్ ప్లేటు జరపాలి, కంటి అంచనా పనికిరాదు. ఇక హెడ్‌లైటుకి ఎల్ఈడీ వేసేవాళ్లు గుర్తుంచుకోండి, స్టేటర్ ఇచ్చేది ఏసీ కరెంటు, నేరుగా ఇస్తే ఎల్ఈడీ మిణుకుమంటుంది, మధ్యలో డీసీ చేసే రెక్టిఫయరు, చిన్న బ్యాటరీ ఉండాలి. నేను మామూలు 12 వోల్టుల హాలోజన్‌తోనే ఉన్నా, నా రోడ్లకి అది చాలు.

చక్రాల దగ్గర ప్రాణాలతో చెలగాటం ఒకటుంది, ఇది మీ ఊరి పంక్చరు షాపు పిల్లలకి కూడా చెప్పండి. ఈ బండి రిమ్ము రెండు ముక్కలు, నట్లతో కలిపి బిగించి ఉంటుంది. చక్రాన్ని హబ్బుకి పట్టే నట్లు వేరు, రెండు ముక్కల్ని కలిపి ఉంచే నట్లు వేరు. ట్యూబులో గాలి ఉండగా ముక్కల్ని కలిపే నట్లు విప్పితే రిమ్ము పేలినట్టు విడిపోయి మొహానికి తగులుతుంది. ట్యూబ్‌లెస్ టైర్లు మాత్రమే చూసిన కుర్రాళ్లకి ఈ సంగతి తెలియదు, వాళ్ల తప్పు కాదు. నేను కలిపే నట్ల మీద ఎర్ర పెయింటు చుక్కలు పెట్టా. పంక్చరు అయితే ముందు వాల్వు పిన్ను పీకి గాలి పూర్తిగా తీసి, అప్పుడే పానా పట్టాలి.

ముందు చక్రానికి డిస్క్ బ్రేకు పెట్టమని చాలామంది సలహా ఇచ్చారు. పెడితే అది పరాయి పార్టేమీ కాదు, 1962లోనే లాంబ్రెట్టా టీవీ 175కి ముందు డిస్క్ బ్రేకు ఉండేది, ఫ్యాక్టరీలో తయారయ్యే రెండు చక్రాల బండ్లలో అదే మొదటిది. నేను మాత్రం ఇంకా డ్రమ్ముతోనే ఉన్నా, ఎందుకంటే ఈ బండి వేగానికి డ్రమ్ము సరిగ్గా ఉంటే చాలు, చాలా బండ్లలో అది సరిగ్గా లేదు. కొత్త లైనర్లు వేసినా డ్రమ్ము గుండ్రానికి అవి పూర్తిగా ఆనవు, మధ్యలో మాత్రమే రాసుకుంటాయి. డ్రమ్ము లోపల సుద్దముక్క రుద్ది, చక్రం బిగించి తిప్పుతూ బ్రేకు పట్టి విప్పితే లైనరు మీద ఎక్కడ సుద్ద అంటిందో అక్కడే ఆనుతోందని తెలుస్తుంది. ఆ ఎత్తులు ఆకురాయితో తీసి మళ్లీ పరీక్షించి, లైనరు పొడవునా సుద్ద అంటేదాకా చేస్తే, తర్వాత బ్రేకు ఎట్లా పడుతుందో మీరే చూస్తారు. ఆ దుమ్ము పీల్చొద్దు, మొహానికి గుడ్డ కట్టుకోండి.

కాగితాల విషయం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో రాసిన కంపెనీ వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అందుకే ఫ్రేము కోయడం, వేరే బండి ఇంజను దించడం లాంటివాటి జోలికి నేను పోను. 15 ఏళ్లు దాటిన బండి ఆర్‌సీ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన టూ వీలర్‌కి ఆ ఫీజు 2,000 రూపాయలు చేశారు, దానిపైన గ్రీన్ టాక్స్ వేరే. వింటేజ్ నంబరు తీసుకోమని కొందరు అంటున్నారు, 50 ఏళ్లు దాటిన బండ్లకి 2021లో ఆ రూలు వచ్చింది, మొదటి విజయ్ సూపర్లకి ఇప్పుడు ఆ వయసు వచ్చేసింది కూడా. కానీ వింటేజ్‌గా రిజిస్టరు అయితే రోజూ వాడుకోడానికి లేదు, ప్రదర్శనలకి, ర్యాలీలకి, రిపేరుకి, పెట్రోలుకి మాత్రమే రోడ్డెక్కాలి. నాకు బండి అంగడికి పోవాలి, పెద్దమ్మకి మందులు తేవాలి, కాబట్టి మామూలు ఆర్‌సీయే ఉంచుకుంటా.

ఇప్పుడు చేతిలో ఉన్న పని సైలెంట్ బ్లాకులు. ఇంజనుని ఫ్రేముకి పట్టే చోట ఇంజను కేసులోనే రెండు పెద్ద రబ్బరు బుష్షులు ఉంటాయి. అవి కుంగితే వెనక చక్రం మలుపుల్లో పక్కకి ఊగుతుంది, నా బండికి గుంతలో పడ్డప్పుడు ఆ ఊపు తెలుస్తోంది. కొత్తవి తెచ్చి పెట్టా, పాతవి తీయడమే కష్టం. ఏళ్ల తరబడి కూర్చుని ఇనుప తొడుగు అల్యూమినియంకి పట్టేసి ఉంటుంది, సుత్తితో కొడితే కేసు పగులుతుంది, కేసు పగిలితే ఇంజనే పోయినట్టు. లోపలి రబ్బరు డ్రిల్లుతో తీసేసి, ఇనుప తొడుగుని హాక్‌సాతో లోపలినుంచి జాగ్రత్తగా చీల్చి, చివరికి ప్రెస్సు మీద నెట్టాలి. మొదటి రెండు పనులు ఇంట్లో చేస్తా. ప్రెస్సు కోసం జడ్చర్ల, నాగర్‌కర్నూల్, దేవరకొండ వైపు అల్యూమినియం కేసుల పని తెలిసిన లేత్ షాపు ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఇంజను దించి ఆటోలో వేసుకుని వస్తా.